ఏడు సోమవారాల పాతర

మాఘ శుద్ధ పాడ్యమి, సోమవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలకు మావాడు, అంటే నా కొడుకు, మదనపల్లె బస్సు దిగి, చంకలో ఒక సంచీ, నెత్తిన ఒక కొత్త టోపీతో ఇంట్లోకి వచ్చాడు. టోపీ మీద ఆవు బొమ్మ. సంచీ మీద ఆవు బొమ్మ. సంచీలోని రెండు పొట్లాల మీదా ఆవు బొమ్మే. నాలుగుచోట్లా ఒకటే ఆవు: నలుపూ తెలుపూ, తలకంటే పెద్ద పొదుగు, మోకాళ్ల దాకా పచ్చిక. మా పక్క అలాంటి పచ్చిక నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. నాకు డెబ్బై మూడేళ్లు.

టమోటాలు అమ్మడానికి పోయినవాడు ఆవుల మందుతో ఎందుకు తిరిగొచ్చాడంటే, ఆ రోజు పశువుల మేత అమ్మే ఒక అంగడాయన కల్యాణ మంటపం బాడుగకు తీసుకుని రైతులకు మీటింగు పెట్టాడు. కోడి బిర్యాని ఉచితం. టోపీ, సంచీ ఉచితం. పొట్లాలు ఉచితం కాదు. పాతరలో వేసే గడ్డి మీద ఈ పొడి నీళ్లలో కలిపి చల్లితే గడ్డి కుళ్లదు, చక్కగా పులుస్తుంది, పాలు పెరుగుతాయి, వెన్న పెరుగుతుంది, చూడి నిలుస్తుంది, పేడ వాసన కూడా తగ్గుతుంది అని చెప్పాడట. మావాడు బిర్యాని రెండుసార్లు పెట్టించుకున్నాడు కాబట్టి అన్నీ నమ్మాడు. ఒకసారి మాత్రమే తిన్నవాళ్లు పేడ సంగతి దగ్గర కాస్త అనుమానపడి ఉంటారు.

పాతర గడ్డి అంటే, మొక్కజొన్నను కంకి పాలు గట్టిపడే సమయానికి పచ్చిగా కోసి, మిషన్లో ముక్కలు చేసి, గుంటలో వేసి తొక్కి, గాలి తగలకుండా మూసిపెట్టేది. నలభై ఐదు రోజులకు అది పులిసి మాగుతుంది. ఎండాకాలంలో పొలాల్లో పచ్చని పోచ లేనప్పుడు తీసి ఆవులకు వేస్తారు. కొందరు సైలేజ్ అంటారు. పేరు ఏదైనా గుంట తవ్వాల్సింది మనమే.

ఆవులు నా కోడలివి. ఆమెది కుప్పం పక్క పల్లె. పెళ్లయి వచ్చేటప్పుడు తన చేత్తో పెంచిన పెయ్యను వదిలి రానని పట్టుబట్టి, టెంపోలో దాని పక్కనే నిలబడి వచ్చింది. అది పదకొండేళ్ల కిందటి మాట. ఆ పెయ్య ఇప్పుడు పెద్దావు. దాని సంతానమూ, ఆ పాలతో కొన్నవీ కలిపి, నేను చెబుతున్న మాఘానికి కొట్టంలో ఏడు ఆవులు. అయిదు పాలిస్తున్నాయి, పెద్దావు వట్టిపోయింది, ఒక పెయ్య మొదటి చూడి. పాల కేంద్రంలో పుస్తకం కోడలి పేరు మీదే ఉంది. అంతకు ముందటి ఎండాకాలం వెంకటగిరికోట నుంచి తెప్పించిన వరిగడ్డి నడి వైశాఖంలోనే అయిపోయి, రెండు ఆవులను సంతకు తోలాల్సి వచ్చింది. తోలిన రోజు ఆమె అన్నం తినలేదు. అందుకే ఈసారి ఎకరన్నర మొక్కజొన్న పాతరకే పెట్టింది.

"ఈ పాతర చెడిపోతే నా ఆవులు సంతకు పోతాయత్తా," అంది గుంట తవ్విన రోజు. "ఇంగ మళ్ళా కూడబెట్టే ఓపిక నాకు లేదు."

ఆ మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. నలభై రెండేళ్లుగా నాకు రోజుకు ఒక పేజీ. తిథి, వారం, గంట, వాన పడితే ఎంతసేపు, ఆవు ఈనితే ఏ కాలు ముందు వచ్చింది, అన్నీ. పొద్దుటా సాయంత్రం కోడలు పాలు పిండి వచ్చి ఎన్ని లీటర్లో చెబుతుంది, నేను గడిలో వేస్తాను. మాది పుంగనూరు దగ్గర అని చెప్పగానే బయటివాళ్లు పొట్టి ఆవు ఉందా అని అడుగుతారు. లేదు. దానితో ఫొటో దిగాలని వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, దానికి మేత తెచ్చేవాడు ఒక్కడూ కనబడలేదు.

ఆ సాయంత్రం మావాడు టోపీ తీయకుండానే పొట్లం చేత్తో పట్టుకుని నాకు పాఠం చెప్పాడు.

"దీంట్లో సూక్ష్మజీవులుంటాయి మా. ఒక్క గ్రాములో కొన్ని వేల కోట్లంట."

"ఎవరు లెక్కబెట్టినారప్పా?"

"కంపెనీవాళ్లు."

"పొద్దున మార్కెట్టుకు తీసకపోయిన టమోటా బాక్సులు ఇరవై మూడా ఇరవై నాలుగా అని నువ్వు ఇంగా తేల్చలేదు. వాళ్లు వేల కోట్లు తేల్చినారా?"

వాడు నవ్వలేదు. టోపీ పెట్టుకున్న మనిషికి నవ్వు తొందరగా రాదు.

పొట్లం మీద రాసిన రాతలో తెలుగు అక్షరం ఒక్కటి లేదు. మావాడు ఫోనులో చదివించుకుని, మా గుంటకు ఒక పొట్లం చాలని తెలుసుకుని, అందుకే రెండూ వేద్దామన్నాడు. ఒకటి ఇంత పని చేస్తే రెండు దానికి రెట్టింపు చేయాలి కదా అని వాడి లెక్క. ఇక అక్కడి నుంచి ఇంట్లో తలా ఒక వస్తువు మొదలైంది. కోడలు బెల్లం మడ్డి కలపాలంది, పుట్టింటివాళ్లు కలుపుతారట. పక్కింటివాళ్లు మజ్జిగ చల్లితే మంచిదన్నారు, చల్లాం. ఎదురింటివాళ్లు పసుపు అన్నారు, అదీ పిడికెడు పడింది. నేను ఉప్పు అన్నాను. ఊరబెట్టేది ఏదైనా ఉప్పు లేకుండా ఎలా ఊరుతుంది? పదిహేను కిలోల కళ్లుప్పు వేయించాను. ఆ గుంటలో పడనివి అల్లమూ వెల్లుల్లీ మాత్రమే, అవీ ధర బాగుంది కాబట్టి మిగిలాయి.

కోడలి తండ్రి కుప్పం నుంచి ఫోను చేశాడు. ఆయన మాటలో ఒక ముక్క అరవం, ఒక ముక్క కన్నడం, మిగిలింది దగ్గు. ఏమేం వేస్తున్నామో కోడలు చదివి వినిపిస్తే అంతా విన్నాడు. తర్వాత ఒకటే మాట చెప్పాడట: "ఏమన్నా ఏసుకో తల్లీ. బాగా తొక్కించు. మూసినాక గాలి పోనీయొద్దు." ఇంత చిన్న సలహా చెప్పడానికి అంత దూరం నుంచి ఫోను ఎందుకని నేను అనుకున్నాను. అదీ పైకే అన్నాను.

శుక్రవారం, పంచమి నాడు ఉదయం ఏడింటికి కోత మొదలైంది. గుంట ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, అయిదు అడుగుల లోతు. తొమ్మిది ట్రాలీల ముక్కలు పట్టాలి. అంటే పదమూడున్నర టన్నులు. ఏడు ఆవులకు రోజుకు నూట నలభై కిలోల చొప్పున తొంభై ఆరు రోజులు. పాతర తీసిన రోజు నుంచి జ్యేష్ఠం ముగిసేదాకా వస్తుంది, అప్పటికి ఎలాగూ నాలుగు చినుకులు పడతాయి. ఈ లెక్క నేనే వేశాను, తప్పు లేదు. ఇప్పటికీ తప్పు లేదు.

కోడలు పిడికెడు ముక్కలు తీసుకుని గట్టిగా పిసికి చేయి తెరిచి చూసింది. నీరు కారలేదు, ముద్ద మెల్లగా విచ్చుకుంది. పదును సరిగ్గా ఉందంది. మావాడు వీపున స్ప్రేయరు తగిలించుకుని పొడి నీళ్లు చల్లుతూ పోయాడు. టోపీ ఉంది. ట్రాక్టరు మీద తొక్కే ఆయన ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. పదిన్నరకు నేను ఆపించాను. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ గంటన్నరా తొక్కే ఆయన వేపచెట్టు కింద నిద్రపోయాడు, గడ్డి ఎండకు తెరుచుకుని ఉంది. మరుసటి రోజు శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా మళ్లీ ఆపించాను. మొత్తం మూడు గంటలు. కోడలు రెండుసార్లూ గుంట గట్టు మీద కూర్చుని నా గడియారం వైపు చూసింది, నా వైపు చూడలేదు.

శనివారం సాయంత్రం అయిదు గంటల నలభై నిమిషాలకు పాతర మూశారు. నల్ల పట్టా పరిచి, అంచుల మీద మట్టి వేసి, పైన పాత టైర్లూ ఇసుక మూటలూ పెట్టారు. తూర్పు మూలకు మట్టి చాలకపోతే మూడు ఇసుక మూటలు పక్కపక్కన పేర్చారు. టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించారు. పట్టా కరుగుతుందని కర్పూరాన్ని దూరంగా రాయి మీద పెట్టించింది నేనే. అంత జాగ్రత్త నాది.

ఇప్పుడు మూడో రోజు సంగతి.

మా ఇళ్లలో మామిడికాయ ఊరగాయ పెడితే, జాడీకి గుడ్డ కట్టి మూడో రోజు విప్పుతాం. అడుగు నుంచి తిరగేసి కలిపి, ఉప్పు చూసి, మళ్లీ కడతాం. మా అమ్మ అలా చేసింది, మా అత్త అలా చేసింది. యాభై అయిదేళ్లుగా నేను పెట్టిన ఏ జాడీకీ బూజు పట్టలేదు. మరి తొమ్మిది ట్రాలీల ఊరగాయను మూసిపెట్టి నలభై ఐదు రోజులు ముట్టకూడదంటే ఇది ఎవరి వంటకం? పైన ఉప్పు ఉంటుంది, అడుగున ఉండదు. తిరగేయాలని వీళ్లకు ఎవరూ చెప్పలేదనుకున్నాను.

సోమవారం, అష్టమి. మావాడు మార్కెట్టుకు పోయాడు. ప్రతి సోమవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా కోడలికి పొదుపు సంఘం మీటింగు. నేను పార తీసుకుని పాతర దగ్గరికి వెళ్లి, తూర్పు మూల మూడు మూటలనూ ఒకదాని తర్వాత ఒకటి ఈడ్చి, పట్టా ఎత్తాను. పచ్చని గడ్డి, తియ్యని వాసన. మూరెడు లోతు తవ్వి, చేతికి అందినంత మేర తిరగేసి, మళ్లీ కప్పాను. చాటుగా చేసింది కాదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. వీళ్ల పొడి కంటే నా పార ఎక్కువ పని చేసిందని పాతర తీసిన రోజు చెప్పాలని మాత్రం మనసులో ఉంది. నోటుబుక్కులో రాశాను: "పదకొండు ఇరవై. మూత తీసి తిరగేశాను. వాసన బాగుంది. గోరువెచ్చన."

ఊరగాయనైతే ఆ ఒక్కసారితో వదిలేసేదాన్ని. ఇది పెద్ద జాడీ. అందుకని వారం వారం చూశాను. రెండో సోమవారం వెచ్చదనం పెరిగింది. దోశపిండి పులిసేటప్పుడు గిన్నె వెచ్చబడదా, అదే అనుకుని సంతోషపడ్డాను. నాలుగో సోమవారం చేయి పెడితే చురుక్కుమంది. మరీ బాగా ఊరుతోందని రాశాను. అయిదో సోమవారం నా కుడి మోకాలు సహకరించక మూడో మూటను వెనక్కి ఈడ్వలేకపోయాను. "మూటలు: రెండు" అని రాశాను. ఆరో సోమవారం అంచు వెంబడి తెల్లగా పొర కనబడింది. ఉప్పు తేలిందని రాశాను. పదిహేను కిలోలు నేనే వేయించాను కదా, తేలితే అది నా ఉప్పే అయి ఉండాలి.

ఏడో సోమవారం మూత తీసి తిరగేసి వేసేసరికి నలభై నాలుగు రోజులు. మంగళవారం తీయకూడదని బుధవారం తీయించాను. ఫాల్గుణ బహుళ సప్తమి, ఉదయం ఆరుంబావు. పాల కేంద్రం నుంచి నలుగురు వచ్చారు. మావాడు ఆ టోపీని ఉతికి పెట్టుకున్నాడు.

పట్టా ఎత్తగానే ముందు వాసన వచ్చింది. పులిసిన వాసన కాదు. తడిచిన గోనెసంచీని నెల రోజులు మూలన పడేస్తే వచ్చే వాసన. పైన అడుగున్నర మందం నల్లగా మెత్తగా ఉంది. తూర్పు మూల నుంచి తొమ్మిది అడుగుల దాకా కిందికంటా తెల్ల బూజు, కొన్నిచోట్ల నీలం. పడమటి వైపు అడుగున మాత్రం గడ్డి పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో, నోరూరే పుల్లటి వాసనతో ఉంది. పాల కేంద్రం నలుగురూ ఆ మంచి గడ్డిని చూడకుండా బూజునే ఫొటోలు తీసుకుని వెళ్లారు.

కోడలు చేత్తో బూజు ముద్ద ఒకటి పట్టుకుని నిలబడింది. మావాడు టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. నేను మాత్రం మాట్లాడాను. ఇదంతా మందు మోసమని, వేల కోట్లలో సగం పొట్లంలోనే చచ్చి ఉంటాయని అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, అది అనకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అంత గడ్డి పారబోయడం తప్పు, బాగా నల్లబడింది తీసేసి, కొంచెం బూజు ఉన్నదాన్ని మంచిదాంట్లో కలిపి వేయమన్నాను. కోడలు వద్దంది. నేను లెక్క చెప్పాను. నా లెక్కకు ఆ ఇంట్లో ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు.

ఆరు రోజులు వేశాం. పాల గడి చెబుతుంది: నలభై ఆరు, నలభై నాలుగు, నలభై ఒకటి, ముప్పై ఏడు, ముప్పై నాలుగు, ముప్పై ఒకటి. ఏడో రోజు, మంగళవారం త్రయోదశి, పొద్దున అయిదు యాభైకి చూడి పెయ్య ఏడో నెలలోనే ఈసుకుపోయింది, కడుపు నిలవలేదు. పశువుల డాక్టరు వచ్చి చూసి, బూజు మేత వల్ల కావచ్చన్నాడు. ఆ నిమిషం నుంచి ఆ గడ్డి ఆపించాడు. కోడలు ఆ పిండాన్ని గోనెలో చుట్టి తనే తీసుకెళ్లి నిమ్మచెట్ల వెనుక పాతిపెట్టింది. నన్ను రావద్దంది.

మరుసటి రోజు బుధవారం, ముగ్గురం మదనపల్లె వెళ్లాం. సంచీలో బూజు గడ్డి, నా చేతిలో నోటుబుక్కు. పదకొండు పదికి అంగడిలో ఉన్నాం. అంగడాయనకు నాలుగు వేళ్లకు అయిదు ఉంగరాలు. మావాడు సంచీ బల్ల మీద బోర్లించాడు. దాణా కొనడానికి వచ్చిన ఇద్దరు ముక్కు మూసుకుని దగ్గరికి జరిగారు, దూరం పోలేదు.

అంగడాయన గడ్డిని వేళ్లతో నలిపి, వాసన చూసి, ఇది మందు తప్పు కాదన్నాడు.

"గాలి తగిలుండాది పెద్దమ్మా."

"యాడనుంచి తగుల్తుందప్పా? నువ్వొచ్చి చూసినావా? మూసిన గంట, తీసిన గంట అన్నీ రాసిపెట్టుండాను. తేదీ తప్పితే నన్నడుగు." అని నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. అంత నమ్మకంగా నేను ఎవరి ముందూ ఏదీ పెట్టలేదు.

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. మొదట ఎగతాళిగానే చదవడం మొదలుపెట్టాడు, వచ్చిన ఇద్దరికీ వినబడేట్టు. మాఘ శుద్ధ అష్టమి దగ్గర గొంతు తగ్గింది. పేజీలు తిప్పి, సోమవారాలు వెతికి, ఒక్కొక్కటీ మెల్లగా చదివాడు. మూత తీశాను. తిరగేశాను. వెచ్చన. చురుక్కుమంది. మూటలు రెండు. ఉప్పు తేలింది. చదివేసి అద్దాలు తీశాడు. నవ్వుతాడని కాచుకున్నాను. నవ్వి ఉంటే ఏదో ఒక మాట అని ఉందును.

"పెరుగుకు తోడేసి గంటకొకతూరి గరిటె పెట్టి తిప్పుతారా పెద్దమ్మా?" అన్నాడు.

"తిప్పం."

"ఈ పొడి గూడా తోడే. గాలి లేని చోటనే దాని పని. బెల్లమేసినా మందేసినా మూత దాని కంటే పెద్దది. చెయ్యి చురుక్కుమన్నిందంటే గాలికి గడ్డి ఉడుకుతాండాదని." కాస్త ఆగాడు. "రెండు పొట్లాలేసినారు గాబట్టి ఆ పడమటి పక్కన్నా మిగిలిందేమో." ఇది నన్ను ఓదార్చడానికి అన్నాడో, ఇంకో పొట్లం అమ్ముకోవడానికి అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎందుకంటే ఆ వెంటనే బల్ల కింద నుంచి ఒక డబ్బా తీసి, తెరిచిన పాతర మళ్లీ చెడకుండా చల్లే మందు ఇదని చూపించాడు. మావాడి చేయి జేబులోకి పోయింది. కోడలు వద్దని తల ఊపింది.

ఆమె నోటుబుక్కు తన వైపు తిప్పుకుని, వేలు పెట్టి లెక్కబెట్టింది. "ఏడు," అంది. తర్వాత ఒక పేజీ దగ్గర ఆగింది.

"అయిదో వారం నుంచి మూటలు రెండే పెట్టినారా అత్తా?"

"మోకాలు నొప్పిగా ఉన్నింది."

"నాకు చెప్పుంటే మూడోది నేను పెట్టుంటాను కదా."

అంతే అంది. వాళ్ల నాన్న ఫోను గురించి అనలేదు, రాహుకాలం గురించి అనలేదు, పెయ్య గురించి అనలేదు. బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టింది. పుంగనూరు దాకా మావాడు ఆ అంగడాయన మోసగాడేనని ఏదో ఒక కారణం వెతుకుతూ వచ్చాడు. వాడికి నా మీద ఉన్న ప్రేమ అలాంటిది. ఒక్క కారణమూ దొరకలేదు.

మిగిలిన మంచి గడ్డి ఏడు ఆవులకు ముప్పై ఏడు రోజులకు వస్తుంది. ఆ లెక్క ఈసారి కోడలే వేసింది. ఉగాది దాటాక రెండు ఆవులను పుంగనూరు సంతకు తోలారు. వదిలించుకోవాలనుకున్న ఆవులను ఎవరూ అడగలేదు, ఎక్కువ పాలిచ్చే రెండూ పోయాయి. మూడింటిని టెంపో ఎక్కించుకుని కోడలు కుప్పం తీసుకెళ్లింది, వాళ్ల నాన్న పాతరలో మేత ఉంది కాబట్టి. పెద్దావూ, ఆ పెయ్యా ఇంట్లో మిగిలాయి. అరవై ఒక్క రోజులు మావాడు వాటికి మేత వేశాడు. పెద్దావు వాడిని రెండుసార్లు తన్నింది, రెండూ ఎడమ కాలితోనే.

జ్యేష్ఠం చివర మొదటి వాన పడ్డాక కోడలు మూడు ఆవులతో తిరిగి వచ్చింది. ఈ మాఘంలో మళ్లీ పాతర వేసింది. అదే పొడి, ఒకే పొట్లం. ఉప్పు లేదు, పసుపు లేదు, మజ్జిగ లేదు. శనివారం తొమ్మిదింటికి ట్రాక్టరు ఆపమని నేను అనలేదు. నలభై ఐదో రోజు, మంగళవారమే, తీసింది. పైన చేతి మందం తప్ప అంతా తియ్యగా పుల్లగా, పసుపుపచ్చగా ఉంది. ఆవులు తొట్టి నాకాయి. అంగడాయన చెప్పింది నిజమే, పేడ సంగతి తప్ప. అది ఎప్పటిలాగే ఉంది.

మదనపల్లె వెళ్లిన రోజు నుంచి ఆమె లీటర్లు చెప్పలేదు, నేను అడగలేదు. కుప్పం నుంచి వచ్చిన రోజు సాయంత్రం ఆమె పాలు పిండి లోపలికి వచ్చినప్పుడు నేను నోటుబుక్కు తెరిచి, ఎన్ని లీటర్లని అడిగాను. చేతులు తుడుచుకుంటూ చెప్పింది: "ఫోన్లో ఏసుకుంటాండాను అత్తా. మీకెందుకు శ్రమ."

పోయినవి ఇవి.

పాతరలో వేసిన తొమ్మిది ట్రాలీలలో పెంటదిబ్బకూ, ఆ ఆరు రోజుల మేతకూ పోయినది అయిదున్నర.

ఆ ఆరు రోజుల్లో తగ్గిన పాలు నలభై మూడు లీటర్లు. ఆ తర్వాత తగ్గినవి నాకు తెలియవు.

ఏడో నెల దూడ, ఒకటి. పెయ్యదూడ.

సంతకు పోయిన ఆవులు రెండు.

కోడలు ఇంట్లో లేని రోజులు అరవై ఒకటి.

నోటుబుక్కులో పాల గడి, మదనపల్లె వెళ్లిన ఆ చతుర్దశి బుధవారం నుంచి ఈ రోజు దాకా, ఖాళీ.